కొన్నేళ్లు వాడాక నా గోల్ఫ్ డ్రైవర్ గురించి: విభూతి పూత చెప్పిన సంగతులు

కంపెనీ పేరు రాయడం లేదు. రాస్తే మాట ఏ బ్రాండు గొప్పదన్న దగ్గరే ఆగిపోతుంది. డ్రైవర్ అంటే గోల్ఫ్‌లో బంతిని అన్నిటికంటే దూరం కొట్టే కర్ర. నాది 10.5 డిగ్రీల లాఫ్ట్ (ఫేస్, అంటే బంతికి తగిలే ముఖం, వెనక్కి వాలిన కోణం), 460 సీసీ హెడ్ (కొట్టే తల), రెగ్యులర్ షాఫ్ట్ (మామూలుగా వంగే కాడ), లాఫ్ట్ మార్చుకునే స్లీవ్ (తలా కాడా కలిసే చోటి తొడుగు) ఉన్న డ్రైవర్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని కొన్నేళ్లుగా వాడుతున్నాను. హెడ్ సైజుకి రూల్స్‌లో 460 సీసీ హద్దు 2004 నుంచి ఉంది కాబట్టి ఎంత కొత్త మోడలైనా అంతకు మించి పెద్దది ఇవ్వలేదు. నాలుగైదేళ్ల పాత మోడల్ కొనడానికి జంకక్కర్లేదు.

ఉండేది విజయనగరం, ఆడేది వైజాగ్ ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో. అరవై కిలోమీటర్లు వెళ్లి రావడం అన్ని వారాలూ కుదరదు. అందుకని ఈ డ్రైవర్ దెబ్బలు ఎక్కువ తిన్నది మా డాబా మీద, వల ముందు. ఆ వల కూడా ప్రాక్టీస్ నెట్ కాదు, పూసపాటిరేగ వైపు జాలర్ల దగ్గర తెచ్చుకున్న పాత నైలాన్ వల. గోల్ఫ్ బంతి అడ్డుకొలత 42.67 మిల్లీమీటర్లకు తగ్గదు, వల కన్ను అంతకంటే బాగా చిన్నదిగా ఉండాలి. రెండు మడతలు వేసి వదులుగా వేలాడదీయాలి. బిగించి కట్టారా, బంతి తిరిగి మన మీదికే వస్తుంది.

వల ముందు కొడితే బంతి ఎటు పోయిందో తెలియదు. కానీ ఫేస్ మీద ఎక్కడ తగిలిందో తెలుసుకోవచ్చు, డ్రైవర్‌కి అదే అసలు లెక్క. విభూతిని నీళ్లతో కలిపి ఫేస్ మీద పలచగా రాసి ఆరనిస్తాను. ఒక్క దెబ్బకి బంతి మీది గుంటల అచ్చు గుండ్రంగా దిగిపోతుంది. తడిగుడ్డతో తుడిచి మళ్లీ రాయడమే. మా ఆవిడ చూసి, "విభూతి పెట్టేశారు, కొబ్బరికాయ కూడా కొట్టేయండి" అంది.

ఆ అచ్చులు చూస్తుంటే చాలా విషయాలు తేలాయి. మనసారా బాదిన దెబ్బలన్నీ హీల్ (ఫేస్‌లో కాడకి దగ్గరి అంచు) వైపో, కిందికో పడేవి. హీల్ మీద తగిలితే బంతికి కుడికి తిరిగే స్పిన్ పడుతుంది, నాలాంటి కుడిచేతి వాటం వాళ్లకి అది స్లైస్. టో (అవతలి కొస) మీద తగిలితే ఎడమకి తిరుగుతుంది. ఫేస్ కింది భాగంలో తగిలితే వెనక్కి తిరిగే స్పిన్ ఎక్కువై బంతి గాలిలో పైకి లేచి అక్కడే చతికిలబడుతుంది. నడిమికి కాస్త పైన తగిలిన దెబ్బే బాగా సాగుతుంది. పెద్ద హెడ్ తప్పుల్ని కాస్తుందని అమ్మేవాళ్లు చెప్పేది సగం నిజం. దిశ కాస్తుంది, దూరం పూర్తిగా కాయదు. హీల్ మీద తగిలిన బంతి చెట్లలోకి పోకుండా ఫెయిర్‌వే (గడ్డి కత్తిరించిన ఆట దారి) అంచున ఆగిన సందర్భాలున్నాయి, కానీ బాగా తగిలినదానికి ఎంతో వెనకే ఆగుతుంది.

అచ్చు నడిమికి రావడానికి పనికొచ్చినవి రెండే. మొదటిది గ్రిప్‌ని చివరి దాకా పట్టుకోకుండా ఒక అంగుళం కిందికి పట్టుకోవడం. నా డ్రైవర్ పొడవు 45 అంగుళాలు దాటి ఉంది. రూల్స్ 48 దాకా ఒప్పుకుంటాయి, 2022 నుంచి పెద్ద పోటీల్లో 46కి పరిమితం చేసుకునే వీలుంది. పొడవు పెరిగితే వేగం పెరుగుతుందన్నది నిజమే, నడిమికి తగలకపోతే ఆ వేగం మనకెందుకు? రెండోది టీ (బంతిని నిలబెట్టే పుల్ల) ఎత్తు. కోర్సులో ఒక కేడీ (ఆటగాళ్ల కర్రలు మోసే అతను) నా టీ చూసి, "ఇంకాస్త లేపండి బాబూ, సగం బంతి హెడ్ పైకి కనబడాల" అన్నాడు. ఇంత ఎత్తైన ఫేస్‌కి 70 మిల్లీమీటర్ల టీ చాలదు, భూమిలోకి గుచ్చాక మిగిలేది తక్కువ. 83 మిల్లీమీటర్లది వాడుతున్నాను. బంతి ఎడమ మడమకి ఎదురుగా, కుడి భుజం కొంచెం కిందికి. అప్పుడు హెడ్ పైకి లేస్తూ తగులుతుంది. ఐరన్‌లాగా (నేల మీది బంతిని కొట్టే కర్రలాగా) కిందికి దింపితే ఈ డ్రైవర్ ఏమీ చేయలేదు.

స్లీవ్ సంగతి క్లుప్తంగా. లాఫ్ట్ ఒక డిగ్రీ పెంచాను. పెంచితే ఫేస్ కొంచెం మూసుకుంటుంది (ఎడమకి తిరుగుతుంది) కూడా, స్లైస్ కొట్టేవాళ్లకి అది కలిసొస్తుంది. ఆ తర్వాత రెంచ్ ఎక్కడ పెట్టానో మర్చిపోయినా బాధ లేదు. ప్రతి ఆటకీ సెట్టింగ్ మార్చేవాళ్లని చూశాను, వాళ్ల స్కోరు మారింది లేదు.

ఇక మన్నిక. ఫేస్ మీద గీతలు తప్ప పగుళ్లు లేవు. క్రౌన్ (హెడ్ పై భాగం) మీద ఆకాశం వైపు కొట్టిన దెబ్బల పెయింట్ మచ్చలున్నాయి, వాటికి బాధ్యుణ్ని నేనే. రబ్బరు గ్రిప్ మాత్రం మన తీరం ఉక్కకి తట్టుకోదు. చెమట, సన్‌స్క్రీన్ కలిసి నున్నగా అయిపోతుంది. గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బుతో కడిగితే కొన్నాళ్లు పట్టు వస్తుంది, తర్వాత మార్చుకోవాల్సిందే. ఎండాకాలం కారు డిక్కీలో వదలొద్దు, వేడికి లోపలి జిగురు మెత్తబడుతుంది. నా దాంట్లో ఒక వేసవి తర్వాత హెడ్ ఊపితే లోపల గలగలమంది. జిగురు ముక్క ఊడి దొర్లుతోందని గోల్ఫ్ సామాన్లు బాగుచేసే ఆయన చెప్పి, తీసేసి ఇచ్చాడు. ఆటకి తేడా ఏమీ రాలేదు, ఆ చప్పుడు మాత్రం నరాల మీద ఆడేది.

చప్పుడంటే గుర్తొచ్చింది. బంతి తగిలినప్పుడు ఖాళీ నూనె డబ్బా మీద కర్రతో కొట్టినట్టు మోగుతుంది. కోర్సులో పర్వాలేదు. డాబా మీద పొద్దున్నే ఆరింటికి కొడితే పక్కింటివాళ్లు ఊరుకోరు, ఇప్పుడు సాయంత్రాలే కొడుతున్నాను.

మీ స్వింగ్ మెల్లగా ఉంటే 9 డిగ్రీలది మాత్రం తీసుకోకండి, బంతి చాలినంత లేవదు. మొన్న మా బావమరిది, టీవీలో ప్రొఫెషనల్స్ వాడుతున్నారని 9 డిగ్రీలది స్టిఫ్ (తక్కువ వంగే) షాఫ్ట్‌తో కొంటానన్నాడు. నా డ్రైవర్ చేతికిచ్చి, విభూతి రాసి, వల ముందు నిలబెట్టాను. అచ్చులన్నీ ఫేస్ కింది అంచునే పడ్డాయి. ఇప్పుడు 12 డిగ్రీలది వెతుకుతున్నాడు.