నానోహబ్: అనంతపురం ల్యాబుకు పర్డ్యూ కంప్యూటరు

నానోఎలక్ట్రానిక్స్ పేపరుకు సిలబస్ ఉంటుంది, సాఫ్ట్‌వేర్ ఉండదు. ట్రాన్సిస్టర్ల లాంటి పరికరాల పనితీరును కంప్యూటర్లో లెక్కగట్టే సెంటారస్, సిల్వాకో లాంటి డివైస్ సిమ్యులేటర్ల లైసెన్సు కొనే స్తోమత ప్రతి కాలేజీకీ ఉండదు. అనంతపురంలో ఎస్కేయూ, జేఎన్‌టీయూ పరిధిలో ఎమ్మెస్సీ, ఎంటెక్ చేసేవాళ్లకు ఆ లోటు తీర్చేది అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ నడిపే సిమ్యులేషన్ టూళ్ల వెబ్‌సైటు, నానోహబ్. ఖాతాకు డబ్బు అక్కర్లేదు. లెక్కంతా వాళ్ల సర్వర్లోనే జరుగుతుంది కాబట్టి ల్యాబులో పాత కంప్యూటరైనా సరే, బ్రౌజరు తెరుచుకుంటే చాలు. మధ్యలో కరెంటు పోయినా సెషన్ అక్కడ బతికే ఉంటుంది, మళ్లీ లాగినై మీ ఖాతా పేజీలోంచి తెరుచుకోవచ్చు. పని అయ్యాక మాత్రం సెషన్‌ను ముగించాలి. ట్యాబు మూసేసి వదిలేస్తే పాతవి పోగుపడి, కొత్తది తెరవబోతే పరిమితి దాటిందంటుంది.

మొదట పీఎన్ జంక్షన్ ల్యాబ్‌తో మొదలుపెట్టండి. సిలికాన్, రెండు వైపులా డోపింగ్ (కలిపిన మలినాల సాంద్రత) 1e16, అంటే 10కి 16వ ఘాతం, 300 కెల్విన్. చేత్తో వేస్తే బిల్ట్-ఇన్ పొటెన్షియల్ 0.72 వోల్టులు, డిప్లీషన్ వెడల్పు 0.43 మైక్రాన్లు రావాలి. టూల్ గ్రాఫ్ దానికి దగ్గరగా లేకపోతే ముందు యూనిట్లు చూడండి. డోపింగ్ అడిగేది ఘన సెంటీమీటరుకు. మీటర్లలో ఇస్తే అంకె పది లక్షల రెట్లు తేడా కొడుతుంది, టూల్ మాత్రం కిక్కురుమనదు.

అసలు సరుకు క్వాంటమ్ డాట్ ల్యాబ్‌లో ఉంది. క్వాంటమ్ డాట్ అంటే ఎలక్ట్రాన్‌ను బంధించే అతి చిన్న పెట్టె. గాలియం ఆర్సెనైడ్, ఎఫెక్టివ్ మాస్ 0.067, పది నానోమీటర్ల ఘనం. గోడలు అనంతమనుకుంటే మొదటి స్థాయి 0.168 ఎలక్ట్రాన్ వోల్టులు. పక్కను ఐదుకు తగ్గిస్తే నాలుగు రెట్లై 0.67 అవ్వాలి. చిన్న లెక్కయితే గుప్పెడు వేరుశనక్కాయలు ఒలిచేలోపు ఫలితం వస్తుంది. కాస్త తక్కువొస్తే కంగారు పడొద్దు. పెట్టెను గడులుగా విడగొట్టి లెక్కేసే మామూలు ఫైనైట్ డిఫరెన్స్ పద్ధతిలో గ్రిడ్ 0.5 నానోమీటర్లయితే గోడ ఒక గడి అవతలికి జరిగినట్టవుతుంది. పది నానోమీటర్ల పెట్టె పదిన్నరగా లెక్కకొచ్చి 0.168 కాస్తా 0.15 దగ్గరికి దిగుతుంది. గ్రిడ్ సగం చేసి చూడండి, అంకె పైకి రావాలి. అయితే త్రీడీలో గడులు ఎనిమిది రెట్లవుతాయి, ఓపిక పట్టాలి. రికార్డులో ఈ రెండు గ్రిడ్ల ఫలితాలూ రాయని విద్యార్థికి మార్కులు వేయకూడదు, మా మాటగా చెబుతున్నాం.

కార్బన్ నానోట్యూబులకు సీఎన్‌టీబ్యాండ్స్ అనే టూల్ ఉంది. ట్యూబు చుట్టిన తీరును రెండు సంఖ్యల్లో ఇవ్వాలి. (13,0) ఇస్తే సుమారు 0.8 ఎలక్ట్రాన్ వోల్టుల గ్యాప్, (12,0) ఇస్తే దాదాపు లోహం. రెండు సంఖ్యల తేడా మూడుతో భాగించబడితే లోహమన్న సూత్రం తెరమీదే తేలిపోతుంది.

ఈ సేవ నాణ్యత దాని వెనకున్న శాస్త్రీయ నాయకత్వాన్ని బట్టే ఉంటుంది. 2002లో అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ నిధులతో మొదలై, నానోహబ్‌ను నడిపే నెట్‌వర్క్ ఫర్ కంప్యుటేషనల్ నానోటెక్నాలజీకి తొలి సారథి మార్క్ లుండ్‌స్ట్రోమ్. నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్ నుంచి 2003లో వచ్చిన గెర్హార్డ్ క్లిమెక్ తర్వాత పగ్గాలు పట్టాడు. నానో పరికరాలను పరమాణువుల స్థాయిలో లెక్కగట్టే నీమో 3-డీ కోడ్ రాసినవాళ్లలో ఆయనొకడు. కోడ్ రాసేవాడు పెద్దరికం చేస్తే టూల్ వెనక భౌతికశాస్త్రం దాచిపెట్టడు. నానోఎలక్ట్రానిక్స్ బోధించే పర్డ్యూ ప్రొఫెసరు సుప్రియో దత్తా పాఠాలు కూడా అక్కడే దొరకడం అదనపు లాభం.

లోపమూ అక్కడే ఉంది. టూళ్లు వందల్లో ఉన్నాయి, చాలావాటిని రాసింది పీహెచ్‌డీ విద్యార్థులు. పట్టా పుచ్చుకుని వెళ్లాక వాళ్ల టూల్‌కు దిక్కెవరు? పేజీలో చివరి వెర్షన్ తేదీ, ప్రశ్నలకు జవాబులొచ్చాయా లేదా చూశాకే ప్రాజెక్టుకు ఎంచుకోండి. సహాయం అడిగితే అక్కడి పగలు మనకు రాత్రి, జవాబు ఆ రోజే వస్తుందనుకోవద్దు.

థీసిస్‌లో వాడితే టూల్ పేరొక్కటే చాలదు. ప్రతి టూల్‌కూ డీఓఐ నంబరు (శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటుంది, వెర్షన్‌తో సహా అది రాయండి. ఇన్‌పుట్ పారామీటర్లు అనుబంధంలో పెట్టండి.