అప్‌డేట్ నొక్కే ముందు మీ రికవరీ కీ ఎవరి ఖాతాలో ఉందో చూసుకోండి

ల్యాప్‌టాప్ ఆన్‌లైన్‌లో కొన్నవారిలో చాలామందికి, నాకు ల్యాప్‌టాప్ అమ్మిన విక్రేత తెలిసే ఉంటాడు. "అంతా మేమే సిద్ధం చేసి పంపుతాం, తెరవగానే వాడుకోవచ్చు" అని ప్రతి ప్రకటనలోనూ పెద్ద అక్షరాలతో రాసుకునే సంస్థ అది. పేరు రాయడం లేదు. వారి దగ్గర కొన్నవారికి పేరుతో పనిలేదు. వారు సిద్ధం చేసి పంపిన యంత్రంలో విండోస్ కొత్త వెర్షన్ వేసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నవారు ఇది చివరిదాకా చదివిన తరువాతే ఇన్‌స్టాల్ బటన్ జోలికి వెళ్లండి.

నేపథ్యం క్లుప్తంగా చెబుతాను. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ 11లో 23హెచ్2 వెర్షన్. హోమ్, ప్రో ఎడిషన్లకు సంబంధించి దానికి 2025 నవంబరు 11తో మద్దతు ముగిసింది, అంటే ఆ తరువాత భద్రతా సవరణలు రావు. కొత్త వెర్షన్ వేసుకోమని తెర మీద రోజూ కనిపిస్తున్నా నేను వెంటనే వేసుకోలేదు. 2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లను తుడిచిపెట్టడంతో, దాన్ని కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుని నవంబరులో మళ్లీ విడుదల చేసిన సంగతి గుర్తున్నవారెవరైనా కొంత వెనకాడుతారు. అందుకని ఆ విక్రేత సహాయ కేంద్రానికే ఫోన్ చేసి అడిగాను. "మేడమ్, మీరు నిశ్చింతగా వేసుకోండి, ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి" అన్నారు. అంతటితో ఆగకుండా, ముందుగా బయోస్ (యంత్రం ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) కూడా కొత్తది వేస్తే మంచిదని ఒక లింకు పంపి, ఫోన్‌లో ఉండగానే దాన్ని నా చేత వేయించారు. అడిగిన దానికన్నా ఎక్కువ సాయం చేస్తున్నారని నేను మురిసిపోయిన మాట కూడా దాచుకోను.

యంత్రం రీస్టార్ట్ అయింది. నీలి తెర వచ్చి 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ ఇమ్మంది. డ్రైవ్‌లోని సమాచారానికి తాళం వేసే విండోస్ ఏర్పాటు బిట్‌లాకర్, ఆ తాళం తెరిచే సంఖ్య రికవరీ కీ.

ఇలా ఎందుకు జరుగుతుందో ఆ తరువాత చదివి తెలుసుకున్నాను. డ్రైవ్‌లోని సమాచారం ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేనిదే చదవలేని రూపంలోకి మారి ఉన్నప్పుడు, దాన్ని తెరిచే రహస్యాన్ని మదర్‌బోర్డులోని టీపీఎం అనే భాగం దాచి ఉంచుతుంది. ఆన్ చేసిన ప్రతిసారీ ఫర్మ్‌వేర్ (బయోస్ లాంటి, యంత్రంలోనే ఉండే ప్రోగ్రామ్), సెక్యూర్ బూట్ (నమ్మదగిన ప్రోగ్రాములే మొదలయ్యేలా చూసే ఏర్పాటు) వంటివి మునుపటిలాగే ఉన్నాయో లేదో సరిచూసి, ఉంటేనే ఆ రహస్యాన్ని అందిస్తుంది. బయోస్ మారితే ఆ లెక్క తప్పవచ్చు, తప్పితే యంత్రం పరాయివాళ్ల చేతిలో పడిందేమోనన్న అనుమానంతో కీ అడుగుతుంది. అందుకే బయోస్ మార్చే ముందు బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా ఆపాలి. ఆ పని తెలిసినవారెవరికైనా ఇది మొదటి పాఠం. నాకు ఫోన్‌లో పాఠం చెప్పిన నిపుణుడు మాత్రం ఆ మాటే ఎత్తలేదు. బయోస్ జోలికి వెళ్లకపోయినా ఈ తెర ఎదురుకావచ్చు: 2024 జూలైలో వచ్చిన భద్రతా అప్‌డేట్ తరువాత కొన్ని యంత్రాలు ఇలాగే కీ అడిగాయని మైక్రోసాఫ్టే ఒప్పుకుని, మరుసటి నెల అప్‌డేట్‌తో సరిదిద్దింది. కీ చేతిలో ఉన్నవారికి అదంతా కాసేపటి చికాకు మాత్రమే.

నాకూ అంతేననుకున్నాను. కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రంగా ఉంటుందని చదివి, ఫోన్‌లో నా ఖాతా తెరిచి చూస్తే అందులో ఈ ల్యాప్‌టాప్ పేరే లేదు. అప్పుడు తెర మీద మిగిలినదంతా నిదానంగా చదివాను. అది ఏ కీ అడుగుతోందో గుర్తించడానికి కీ ఐడీ అనే అక్షరాల వరుస ఒకటి ఆ తెర మీద ఉంది. మా ఇంట్లో ఎవరి ఖాతాలో వెతికినా ఆ ఐడీ ఉన్న కీ దొరకలేదు.

మళ్లీ ఫోన్ చేశాను. అటునుంచి వచ్చిన జవాబు, అదే ప్రశాంతమైన గొంతుతో, ఇది: "సెటప్ చేసేటప్పుడు ఏదో ఒక ఖాతా పెట్టాలి కదా మేడమ్, అప్పుడు మా దగ్గర ఉన్న అబ్బాయి తన ఖాతా పెట్టి ఉంటాడు. అతను మానేశాడు." మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెటప్ పూర్తి చేస్తే చాలా ల్యాప్‌టాప్‌లలో ఎన్‌క్రిప్షన్ దానంతటదే మొదలై, కీ ఆ ఖాతాలోకి చేరిపోతుంది. ఆ అబ్బాయి తరువాత నా పేరుతో ఒక లోకల్ ఖాతా (మైక్రోసాఫ్ట్ ఖాతాతో సంబంధం లేకుండా ఆ యంత్రంలోనే ఉండేది) తెరిచి, తన ఖాతా తీసేసి, పెట్టె మూసి పంపాడన్నమాట. డ్రైవ్‌కు తాళం పడిన విషయం నాకు తెలియదు, దాని కీ ఉన్నది అతని దగ్గరని అతనికే తెలుసో లేదో. కొత్త ఇల్లు అప్పగించిన మేస్త్రీ తాళంచెవి తన జేబులోనే వేసుకుని ఊరు దాటిపోయినట్టుంది వ్యవహారం.

అతని ఫోన్ నంబరైనా ఇప్పించమంటే, ఉద్యోగుల వివరాలు ఇవ్వడం తమ గోప్యతా విధానానికి విరుద్ధమట. ఎంత గొప్ప విధానం! నా డ్రైవ్ కీ వారి ఉద్యోగి సొంత ఖాతాలో ఉండవచ్చు గాని, ఆ ఉద్యోగి వివరాలు మాత్రం నాకు తెలియకూడదు. మీరే అతన్ని సంప్రదించి ఆ కీ అడిగి చెప్పండి అన్నాను. అప్పుడు ఆ గొంతు మారింది. "డేటా బాధ్యత కొన్నవారిదేనని బిల్లు వెనక స్పష్టంగా ఉంది మేడమ్. చదువుకున్నవాళ్లు, మీరు బ్యాకప్ తీసుకోకుండా అప్‌డేట్ ఎలా వేశారు?" అని నన్నే నిలదీశారు. వేసుకోమన్నదెవరో, ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉంటాయన్నదెవరో నేను గుర్తు చేసేలోపే, యంత్రాన్ని పంపిస్తే ఫార్మాట్ చేసి ఇస్తామని, దానికి వేరే రుసుము ఉంటుందని చెప్పి ఫోన్ పెట్టేశారు. ఆ వెంటనే సందేశం వచ్చింది: మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి.

ఒక్క విషయంలో వారి మాట నిజమే. ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మా అమ్మ చెబుతుండగా నేను టైపు చేసుకున్న మా కుటుంబ వృత్తాంతం అక్కడే ఉంది, సగం దిద్దిన నా అనువాదం కూడా అక్కడే ఉంది. చదవడానికి వీలులేదు, అంతే. పోయిన కీని మైక్రోసాఫ్ట్ సహాయ విభాగం కూడా మళ్లీ తయారు చేసి ఇవ్వలేదు. అప్‌డేట్ నచ్చకపోతే పది రోజుల్లోపు పాత వెర్షన్‌కు వెళ్లవచ్చని ధైర్యం చెబుతుంటారు. డ్రైవ్ తెరుచుకోనప్పుడు ఆ పది రోజులతో పనేముంది?

కోపంలో ఉన్నాను గనుక అప్‌డేట్లే వేసుకోవద్దని రాస్తాననుకోకండి. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ విరుచుకుపడే నాటికి దాన్ని అడ్డుకునే సవరణ వచ్చి రెండు నెలలవుతోంది. దెబ్బతిన్నవాటిలో ఎక్కువ భాగం ఆ సవరణ వేసుకోని యంత్రాలే. నెలనెలా వచ్చే భద్రతా సవరణలను వాయిదా వేయకండి. పెద్ద వెర్షన్ మార్పుకు మాత్రం కొన్ని వారాలు ఆగినా నష్టం లేదు, మీ పాత వెర్షన్ గడువు దాటనంత వరకు.

వేసుకునే ముందు సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే, మీ సొంత మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఈ యంత్రం రికవరీ కీ కనిపిస్తోందో లేదో వేరే ఫోన్ నుంచి తెరిచి చూసుకుని, కాగితం మీద కూడా రాసిపెట్టుకోండి. అక్కడ లేకపోతే, యంత్రం ఇంకా తెరుచుకుంటూ ఉండగానే ఎన్‌క్రిప్షన్ ఆపి, అది పూర్తిగా ఆగేదాకా వేచి ఉండి, మీ ఖాతాతో లాగిన్ అయి మళ్లీ ఆన్ చేయండి. కొత్త కీ మీ ఖాతాలోకే వస్తుంది. బ్యాకప్ సంగతి ఆ సహాయ కేంద్రం వారు నాకు ఇప్పటికే ఉచితంగా బోధించారు గనుక మీకు వేరే చెప్పను.

డ్రైవ్‌ను నేనింకా ఫార్మాట్ చేయించలేదు. ఆ సంస్థలో సెటప్ పని చేసి మానేసినవారెవరైనా మీకు తెలిస్తే, తమ మైక్రోసాఫ్ట్ ఖాతాలో తమవి కాని ల్యాప్‌టాప్‌ల రికవరీ కీలు ఏమైనా మిగిలి ఉన్నాయేమో ఒక్కసారి చూడమని చెప్పండి. నా తెర మీద కీ ఐడీ కనిపిస్తోంది, సరిపోల్చుకోవడానికి ఆ అక్షరాలు చాలు.