అమ్మ మోకాళ్లతో డిస్నీల్యాండ్: పార్కింగ్, హోటళ్ల సంగతి

కాలిఫోర్నియాలోని అనాహైమ్ డిస్నీల్యాండ్‌లో ఏ రైడ్ ఎలా ఉంటుందో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. కారు ఎక్కడ పెట్టాలి, రాత్రి ఎక్కడ పడుకోవాలి అన్నది నేను చెప్తాను. తెనాలి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని, మా ఆరేళ్ల పాపని తీసుకుని శాన్ హోసే నుంచి ఇప్పటికి రెండుసార్లు వెళ్లాం. అమ్మకి రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. ఆమెతో వెళ్తే గేటు దాకా వేసే ప్రతి అడుగూ లెక్కే.

మొదటిసారి వెళ్లింది 2023లో. పార్కు పక్క నుంచి పోయే హార్బర్ బులెవార్డ్ అనే రోడ్డు మీద ఒక హోటల్ తీసుకున్నాం, పేరు చెప్పను. గేటుకి నడిచి వెళ్లిపోవచ్చని రాశారు. నాకు, మా ఆవిడకి అయితే ఇరవై నిమిషాలు. అమ్మతో ముప్పావు గంట పట్టింది. దారిలో రెండుసార్లు బస్‌స్టాప్ బెంచీ మీద కూర్చుంది. రెండోసారి, "మీరెళ్లి పాపకి చూపించి రండిరా, నేనిక్కడే కూచుంటా" అంది. విమానంలో రోజంతా కూర్చుని ఇంత దూరం వచ్చిన మనిషి, గేటు కనుచూపు మేరలో ఉండగా ఆ మాట అంటే నా ప్రాణం ఉసూరుమంది. ఖాళీ చేసేటప్పుడు కారు పెట్టుకున్నందుకు వేరే డబ్బులు వేశారు. బుక్ చేసేటప్పుడు ఆ మాటే చెప్పలేదు. ఊరి హోటల్ పన్ను 15 శాతం ఎలాగూ ఉంటుంది, అది అందరికీ ఉన్నదే.

2025 వసంతంలో మళ్లీ వెళ్లాం. ఈసారి అర్వైన్‌లో పిన్ని కొడుకు ఇంట్లో దిగి, కారు నేరుగా డిస్నీ వాళ్ల మిక్కీ అండ్ ఫ్రెండ్స్ పార్కింగ్‌కి పోనిచ్చాం. అప్పుడు రోజుకి 35 డాలర్లు ఉండేది. ఎక్కువే, కానీ ఇచ్చినందుకు నాకు బాధ లేదు. 2000లో కట్టిన ఆరంతస్తుల భవనం అది. పదివేల కార్లు పడతాయి. ఎవరికి నచ్చిన చోట వాళ్లు పెట్టుకోవడం ఉండదు. చేతులూపే మనుషులు ఒక్కొక్క కారునీ వరసలోకి పంపుతారు, ఒక వరస నిండాకే రెండోది. నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు. కారు దిగి కాసేపు అలాగే నిలబడి చూశారు. "గూడ్స్ యార్డులో వ్యాగన్లు పెట్టినట్టు పెడుతున్నార్రా" అన్నారు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు. మాకు డైసీ అంతస్తు వచ్చింది. అంతస్తులకి బొమ్మల పేర్లే. పాప ఆ పేరు వల్లిస్తూనే ఉంది. నాన్న మాత్రం స్తంభం నంబరు కాగితం మీద రాసి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

లోపలంతా నీడ, కిందికి ఎస్కలేటర్, అక్కడే సంచీల తనిఖీ, ఆ పక్కనే గేటు వైపు తీసుకెళ్లే ట్రామ్. అమ్మ కిటికీ లేని ఆ బండిలో కూర్చుని గాలికి చెంగు సర్దుకుంటుంటే 2023 నాటి బెంచీ గుర్తొచ్చింది. రెండో రోజు టాయ్ స్టోరీ అనే ఆరుబయట పార్కింగ్ మైదానంలో కారు పెట్టి బస్సెక్కాం. మెట్లు, ఎస్కలేటర్లు లేవు గానీ తారునేల మీద ఎండ. పెద్దవాళ్లుంటే నేను భవనానికే ఓటేస్తాను.

హోటళ్ల విషయంలో ఈ ఇబ్బంది ఎందుకొచ్చిందో చరిత్ర చూస్తే తెలుస్తుంది. 160 ఎకరాల నారింజ తోటలు కొని 1955లో పార్కు కట్టేసరికి వాల్ట్ డిస్నీ దగ్గర డబ్బు అయిపోయింది. హోటల్ కట్టమని జ్యాక్ రేథర్ అనే వ్యాపారిని బతిమాలుకోవాల్సి వచ్చింది. చుట్టూ ఉన్న స్థలాల్లో ఎవరికి వాళ్లు మోటళ్లు లేపేశారు. ఆ అనుభవంతోనే ఫ్లోరిడాలో డిస్నీ వరల్డ్ కోసం దాదాపు 27,000 ఎకరాలు ముందే కొనేశారు. అనాహైమ్‌లో ఆ వీలు లేదు. 2001లో పక్కనే తెరిచిన రెండో పార్కు కాలిఫోర్నియా అడ్వెంచర్ ఒకప్పటి పార్కింగ్ మైదానమే. అక్కడ కొత్తది ఏం కట్టాలన్నా ముందు కార్లకి ఇంకో చోటు చూపించాలి.

అందుకే డిస్నీల్యాండ్ ఫార్వర్డ్ అనే విస్తరణ ప్రణాళికని శ్రద్ధగా చదివాను. నగర మండలి 2024లో దాన్ని ఆమోదించింది. డిస్నీ పదేళ్లలో కనీసం 190 కోట్ల డాలర్లు పెట్టాలి. పార్కింగ్ భవనాల పక్కన ఉన్న మ్యాజిక్ వే రోడ్డుని డిస్నీ 4 కోట్ల డాలర్లకి కొంటుంది. తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్ల కోసం 3 కోట్ల డాలర్లు ఇస్తుంది. హోటల్ గదుల సంఖ్య కొత్తగా పెంచమని అడగలేదు. 1990లలోనే వచ్చిన అనుమతుల్ని ఎక్కడ వాడుకోవచ్చో మార్చుకున్నారు, అంతే. హోటళ్లు, రైడ్లు, దుకాణాలు పక్కపక్కనే కలిపి కట్టుకోవచ్చు. పక్కనే ఉండే వాల్‌నట్ వీధి వాళ్లు చప్పుడు గురించి భయపడ్డారు. ఆ భయం న్యాయమైనదే, రోజూ అక్కడ పడుకునేది వాళ్లు.

ఇందులో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది తూర్పు వైపు పార్కింగ్ భవనం, హార్బర్ మీదుగా కాలినడక వంతెన. ఇదివరకు ఒకసారి ఇలాంటిదే తలపెడితే, జనం వంతెన మీంచి పోతే మా వ్యాపారం ఏం కావాలని హార్బర్ వాళ్లు అడ్డం తిరిగారు. వాళ్ల మాట కొట్టిపారేయలేం. వంతెనకి హార్బర్ నుంచి కూడా లిఫ్ట్ పెడితే రోడ్డు పక్క హోటళ్లలో దిగినవాళ్లూ ఎక్కుతారు, వాళ్ల వ్యాపారమూ ఉంటుంది. రైడ్ల కంటే ముందు ఇది పూర్తి చేయాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఇక గదులు. 700 గదుల హోటల్ ఒకటి కడతామన్న డిస్నీ వాళ్లు, ఊరితో పన్ను రాయితీ గొడవొచ్చి 2018లో మానేశారు. పార్కు పక్కనే ఉన్న డిస్నీ సొంత హోటళ్లలో గ్రాండ్ కాలిఫోర్నియన్‌కి కాలిఫోర్నియా అడ్వెంచర్‌లోకి తలుపే ఉంది. మధ్యాహ్నం అమ్మని అక్కడి చావడిలో కూర్చోబెడితే చుట్టూ ఉన్న కలప పనితనం చూస్తూ, "కొండ మీద గది దొరికితే సగం దర్శనం అయిపోయినట్టేగా" అంది. నిజం. గంటసేపు నడుం వాల్చి మళ్లీ రావచ్చు. కానీ మేం వెళ్లిన తేదీలకి సొంత హోటళ్లలో ఏది చూసినా రాత్రికి 500 డాలర్లు దాటింది. కొత్తగా కట్టేవాటిలో కొన్నయినా మామూలు కుటుంబాలు భరించే ధరలో ఉండాలి. ముసలివాళ్లని తీసుకొచ్చేది ఎక్కువగా ఆ కుటుంబాలే.

ఒక్క సలహా. బాణసంచా అవగానే ట్రామ్ వైపు పరుగెత్తకండి, అందరూ అప్పుడే కదులుతారు. మేం ఓ బల్ల దగ్గర కూర్చుని డబ్బాలో మిగిలిన పులిహోర తిన్నాం. అరగంట తర్వాత వెళ్తే ట్రామ్‌లో సగం సీట్లు ఖాళీ. నాన్న జేబులోంచి కాగితం తీశారు. పాప అప్పటికే ఆయన భుజం మీద నిద్రపోయింది.