మకసాయె ఏ గూటి భాష? మూడు వాదాల్లో నా మొగ్గు ఎటు

తూర్పు తిమోర్‌లో బౌకావు, మతెబియన్ కొండల చుట్టూ లక్ష మందికి పైగా మాట్లాడే మకసాయె గురించి రాసినప్పుడల్లా ఇదే ప్రశ్న వస్తోంది: అది న్యూగినీ దీవిలో విస్తరించిన ట్రాన్స్-న్యూగినీ అనే పెద్ద భాషా కుటుంబానిదా, లేక తిమోర్, దాని దగ్గరి అలోర్, పంతర్ దీవుల భాషలు కలిసిన తిమోర్-అలోర్-పంతర్ అనే విడి కుటుంబానిదా? నా మొగ్గు రెండోదాని వైపే.

ఇండోనేషియాలోని హల్మహేరా దీవి వైపున్న పశ్చిమ పాపువా భాషలతో కలిపే పాత వాదం ఒకటుంది. దాని ఆధారాలు బాగా పలచన, పక్కన పెట్టేయొచ్చు.

ట్రాన్స్-న్యూగినీ వాదానికి బలం సర్వనామాలే. ఆ కుటుంబపు మూలరూపాల్లో 'నేను'కి న, ఇక్కడా న. అంతవరకు బాగానే ఉంది. కానీ అక్కడ గ-తో మొదలయ్యేది 'నువ్వు'. మకసాయెలో గి అంటే 'అతను, ఆమె'. తిమోర్‌లోనే మాట్లాడే బునాక్ భాషలో క్రియల ముందు చేరే గ్ కూడా ప్రథమ పురుషకే. లెక్క కుదరాలంటే ఈ రెండూ ఎప్పుడో స్థానాలు మార్చుకున్నాయని ఒప్పుకోవాలి. ఒకటి రెండు అక్షరాల మాటల మీద ఇంత సర్దుబాటు చేయాల్సి వస్తే నాకు నమ్మకం కుదరదు.

నా దృష్టిలో తేల్చేది ఒక్కటే, ధ్వనులు క్రమం తప్పకుండా జత పడటం. మన చెవి, చెయ్యి, చెడు కన్నడలో కివి, కై, కెడు. అక్కడి క ఇక్కడ చ అవుతోంది, మాట మారినా వరస మారదు. బంధుత్వం అలా తెలియాలి. నిప్పును మకసాయెలో అత అంటారు, తూర్పు తిమోర్ తూర్పు కొసన మాట్లాడే ఫతలుకులో అచ, బునాక్‌లో హొతొ, సముద్రం అవతల అలోర్ దీవిలోని అబుయిలో అర. చెట్టు మకసాయెలో అతె, ఫతలుకులో ఎతె, బునాక్‌లో హొతెల్. ఇక్కడ చూడండి: మకసాయెలో రెండు మాటల్లోనూ త ఉంది, ఫతలుకులో మాత్రం నిప్పుకి చ, చెట్టుకి త. అంటే మకసాయెలో కలిసిపోయిన పాత తేడాను ఫతలుకు దాచి ఉంచింది. మకసాయెను ఒంటరిగా చదివితే ఇది కనబడనే కనబడదు. ఇలాంటి జతలనే వరసపెట్టి చూపిన వ్యాసాలు 2012లో వచ్చాయి, అలోర్-పంతర్ భాషల మీద ఓషియానిక్ లింగ్విస్టిక్స్ పత్రికలో, తిమోర్ వైపు భాషల మీద లాంగ్వేజ్ అండ్ లింగ్విస్టిక్స్ ఇన్ మెలనేషియా పత్రికలో. న్యూగినీ భాషలతో ఆ స్థాయి జతలు ఇంకా దొరకలేదు.

అంకెల జోలికి మాత్రం తొందరపడి పోవద్దు. మకసాయెలో అయిదు లిమ, ఏడు ఫితు. పక్కనే ఉన్నా ఆస్ట్రోనేషియన్ అనే వేరే కుటుంబానికి చెందిన తెతుమ్‌లో లిమ, హితు. ఇవి అరువు మాటలు, చుట్టరికానికి సాక్ష్యం కావు. మన ద్రావిడ కుటుంబంలోని బ్రాహుయీనే చూడండి, ఇరట్, ముసిట్ అని మూడు దాకా సొంత అంకెలే, నాలుగు నుంచి అరువు. అయినా అది ద్రావిడ భాషే.

ఇంట్లోకి వస్తే ఇలియొమార్ వైపున్న మకలెరో భాష మకసాయెకు అక్కాచెల్లెళ్ల వరస. ఫతలుకు, కిసార్ దీవిలోని ఒయిరాత ఒక జంట, ఈ రెండు జంటలూ దగ్గరివే. బునాక్ దూరపు చుట్టం. ఏ భాషతో పోల్చి మొదలుపెట్టాలని అడిగినవారికి నేను ఫతలుకు పేరే చెప్తాను. మకలెరో మరీ దగ్గరది, దానితో పోలిస్తే పాత తేడాలు అంతగా పైకి రావు.