చీకటైతే ఆఫ్ అయినట్టు కాదు: మా హెలిప్యాడ్ లైట్లతో నాలుగేళ్లు

ఈ లైట్ల గురించి ఎవరు అడిగినా నేను ముందు చెప్పేది వాటి నాబ్ గురించే. వెలుగు ఎంత దూరం కనబడుతుంది, వానకు తట్టుకుంటాయా, బరువెంత లాంటివన్నీ పెట్టె మీదే రాసి ఉంటాయి, దాదాపు నిజమే రాస్తారు. నాబ్ గురించి మాత్రం ఎవరూ చెప్పరు. మాకూ చెప్పలేదు.

రాత్రిపూట రోగిని తీసుకెళ్లడానికి హెలికాప్టర్ వస్తుందంటే, ఖాళీ మైదానంలో దిగే చోటు సిద్ధం చేసేది మా టీమ్. మా సెట్‌లో పది లైట్లు ఉంటాయి. మేము 30 మీటర్ల చదరం కొలుస్తాం. మూలలకు నాలుగు, ఒక్కో వైపు మధ్యలో ఒకటి చొప్పున నాలుగు, గాలి వచ్చే దిక్కున చదరానికి బయట ఒకటి పెడతాం. పదోది చేతిలో ఉంచుకుంటాం. చుట్టూ ఊళ్లు, వీధి దీపాలు లేని చోట పైనుంచి చూసే పైలట్‌కు ఆ చదరమే ఆధారం. అది తన వైపు ఎంత సాగినట్టు కనిపిస్తోంది, ఎంత నలిగినట్టు కనిపిస్తోంది అన్నదాన్ని బట్టే తాను దిగుతున్న వాలు సరిగా ఉందో లేదో తెలుసుకుంటారు. ఒక్క మూల లేకపోతే ఆ ఆకారమే చెడిపోతుంది.

ఇక నాబ్. దానికి మూడు స్థానాలు. ఎడమ చివర ఆఫ్, మధ్యలో ఇన్‌ఫ్రారెడ్, కుడి చివర ఆకుపచ్చ. పని అయ్యాక ఆకుపచ్చ నుంచి వెనక్కి తిప్పితే మొదటి టిక్‌కే వెలుగు పోతుంది. కంటికి ఆరిపోయినట్టే ఉంటుంది, చెయ్యి అక్కడితో ఆగిపోతుంది. నిజానికి అది ఆగింది ఇన్‌ఫ్రారెడ్ మీద. లైటు లోపల ఏమీ ఆగలేదు, మన కంటికి కనబడటం మానేసింది, అంతే. అది తెలియజేయడానికి లైటు పైనుండే గుండు మీద చిన్న చుక్కంత వెలుగు కూడా లేదు.

ఇన్‌ఫ్రారెడ్ అనవసరం అని నేను అనను. చీకట్లో చూడటానికి నైట్ విజన్ గాగుల్స్ పెట్టుకుని వచ్చే పైలట్లకు అది కావాలి. కాక్‌పిట్‌లోని మీటర్ల వెలుగు గాగుల్స్‌ను ముంచెత్తకుండా వాటి ముందు ఒక ఫిల్టర్ ఉంటుంది. క్లాస్ బి రకమైతే సుమారు 665 నానోమీటర్ల కన్నా పొట్టి తరంగాలను అది ఆపేస్తుంది. ఆకుపచ్చ ఎల్ఈడీ వెలుగంతా 525 నానోమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది కాబట్టి, మన కంటికి దేదీప్యమానంగా ఉన్న లైటు గాగుల్స్‌లో దాదాపు కనబడకుండా పోవచ్చు. పాత ఫిలమెంట్ బల్బులతో ఈ సమస్య లేదు, వాటి వేడిలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉండేది. కొన్ని ఎర్ర ఎల్ఈడీ దీపాలు గాగుల్స్‌లో కనబడకపోవచ్చని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ 2009లోనే పైలట్లను హెచ్చరించింది. కాబట్టి ఆ మోడ్ ఉండాల్సిందే. నా పట్టింపల్లా దాన్ని ఆఫ్‌కీ ఆకుపచ్చకీ మధ్యలో పెట్టడం గురించే.

అది మాకు ఎలా తెలిసిందో చెబుతాను.

మూడో ఏడు. దాదాపు ఆరు వారాల పాటు రాత్రి పిలుపు రాలేదు. అప్పుడు రోడ్డు ప్రమాదం కేసు వచ్చింది. మేము మైదానం చేరేసరికి హెలికాప్టర్ పన్నెండు నిమిషాల దూరంలో ఉంది. ఆ రాత్రి పైలట్ గాగుల్స్ లేకుండా వస్తున్నారు, ఆకుపచ్చ పెట్టమని కబురు. మాకు పన్నెండు నిమిషాలు చాలా ఎక్కువ. నేను అడుగులు లెక్కపెట్టుకుంటూ మొదటి మూలలో లైటు పెట్టి నాబ్ తిప్పాను, వెలిగింది. రెండో మూల నుంచి మా డ్రైవర్ అరిచాడు, "అన్నా, ఇది వెలగట్లేదు." ఇంకోటి పెట్టమన్నాను. "ఇదీ వెలగట్లేదన్నా." నా చేతిలో ఉన్న తర్వాతి లైటు తిప్పి చూశాను. ఒక్కసారి మిణుక్కుమని ఆరిపోయింది. పదిలో నాలుగు చచ్చిపోయాయి.

ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. మిగిలిన ఆరింటిలో నాలుగు మూలలకు, ఒకటి గాలి దిక్కుకు, ఒకటి పైలట్ వచ్చే వైపు మధ్యలో పెట్టాలని అనుకున్నాం. కానీ అప్పటికే రెండు లైట్లు పక్కల మధ్యలో పెట్టేశాం, వాటిని తీసుకుని మూలకు పరుగెత్తాలి. రోటర్ శబ్దం వినబడుతూనే ఉంది. నాలుగో మూల ఇంకా ఖాళీగా ఉండగానే రేడియోలో పైలట్ గొంతు: "మీ చదరానికి ఒక మూల లేదు, తిరిగి వస్తున్నాను." ఆయన ఒక చుట్టు తిరిగి వచ్చేలోపు ఆ మూల వెలిగింది. క్షేమంగా దిగారు, రోగిని ఎక్కించారు. ఆ ఒక్క చుట్టుకు మూడు నిమిషాలు పట్టి ఉంటుంది. స్ట్రెచర్ పక్కన నిలబడ్డవాళ్లకు మూడు నిమిషాలంటే ఏమిటో నేను వేరే చెప్పక్కర్లేదు.

మర్నాడు అందరం బ్యాటరీలనే తిట్టుకున్నాం. ఛార్జింగ్ పెడితే నాలుగింటిలో రెండు మామూలుగా ఎక్కాయి, రెండు ఎక్కనని మొండికేశాయి. అమ్మినవాళ్లకు పంపడానికి పదింటినీ బల్ల మీద వరసగా పెట్టి మా కుర్రాడు ఫోన్‌తో ఫొటో తీయబోయాడు. అన్నీ ఆపే ఉన్నాయనుకున్నాం. ఫోన్ తెర మీద మాత్రం రెండు గుండ్ల లోపల లేత ఊదా రంగు వెలుగు. ఫోన్ పక్కకు తీసి చూస్తే ఏమీ లేదు. మళ్లీ ఫోన్ అడ్డుపెడితే ఊదా రంగు. నాబ్‌లు చూస్తే రెండూ మధ్య గీత మీదే ఉన్నాయి. పొద్దున ఛార్జింగ్ అయ్యాక వెలిగించి చూసి ఆపింది నేనే, నా చేత్తోనే.

అప్పుడు అర్థమైంది. ఆరు వారాల కిందట వానలో, గ్లౌజులతో సర్దేసినప్పుడు నాలుగు లైట్లు అలాగే పెట్టెలోకి వెళ్లాయి. చీకటి పెట్టెలో ఎవరికీ కనబడకుండా వెలిగి వెలిగి, అడుగంటా ఖాళీ అయ్యాయి. లిథియం బ్యాటరీ అంత లోతుకు పడిపోయి వారాల తరబడి ఉంటే ఇక మునుపటిలా ఉండదు. ఆ మొండికేసిన రెండింటినీ మార్చాల్సి వచ్చింది. అమ్మినవాళ్లను అడిగితే, మూడు స్థానాల సంగతి వాడకం పుస్తకంలో ఉందన్నారు. ఉంది, నేనూ చూశాను. కానీ గ్లౌజు వేసుకున్న చేతికి పుస్తకం గుర్తురాదు.

మొదటి ఏడాది ఈ సెట్‌ను నేను చాలామందికి చెప్పాను. పెట్టె తీయడం, ఐదు నిమిషాల్లో చదరం వేయడం, అంతే అనేవాణ్ని. ఇప్పుడు అంత ధీమాగా అనలేను. వేయడానికి ఐదు నిమిషాలే, తీసి సర్దడానికి మాత్రం పది పడుతుంది, అది తగ్గించకూడదు. లైటు అడుగు భాగం బరువుగా ఉంటుంది, రోటర్ గాలికి కదలదు అని కూడా చెప్పాను. గడ్డి మీద అది నిజం. నున్నటి కాంక్రీటు మీద పెద్ద హెలికాప్టర్ దిగినప్పుడు ఒకటి అడుగున్నర జరగడం చూశాను. అప్పట్నుంచి గట్టి నేల మీద ఇసుక సంచి ఆనిస్తున్నాం, మెత్తటి నేలైతే మేకు దిగ్గొడుతున్నాం. వదులుగా ఉన్న వస్తువు రోటర్ దాకా ఎగిరితే ఏమవుతుందో తలచుకోవడానికే భయం.

నాబ్‌కు మేము చేసిన వైద్యం ఇది. ఆఫ్ స్థానం దగ్గర గట్టి జిగురుతో చిన్న బుడిపె పెట్టాం, నాబ్ మీద కూడా ఒకటి. రెండు బుడిపెలు ఎదురెదురుగా వచ్చాయా లేదా అన్నది గ్లౌజు మీంచి కూడా వేలికి తెలుస్తుంది. పెట్టె మూసేముందు ఒకరు ఫోన్ కెమెరాతో పదింటినీ ఒకసారి చూస్తారు. వెనక కెమెరాలో కనబడకపోతే సెల్ఫీ కెమెరా వాడండి, చాలా ఫోన్లలో వెనకదానికి ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపే ఫిల్టర్ ఎక్కువగా ఉంటుంది. కళ్లు గుండుకు ఆనించి చూసే పని మాత్రం పెట్టుకోవద్దు.

మళ్లీ కొంటారా అంటే, మా దగ్గరకు గాగుల్స్‌తో వచ్చేవాళ్లూ లేకుండా వచ్చేవాళ్లూ ఇద్దరూ ఉన్నారు కాబట్టి రెండు వెలుగులూ ఉన్న సెట్టే కొంటాను. బహుశా ఇదే. మా పెట్టె బండిలో ఉంటుంది, ప్లగ్‌కు దూరంగా, కాబట్టి దెబ్బ గట్టిగా తగిలింది. మీ పెట్టె ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉండేదైతే మీకు ఈ సంగతి ఎన్నేళ్లైనా తెలియకపోవచ్చు. మీ పైలట్లెవరూ గాగుల్స్ వాడరంటే ఒక్క ఆకుపచ్చ మాత్రమే ఉన్న సెట్ తీసుకోండి, అందులో చీకటంటే ఆఫే. రిమోట్‌తో నడిచేవి నేను వాడలేదు, వాటి గురించి చెప్పలేను.

మొన్న రాత్రి పని అయ్యాక సర్దుతుంటే ఫోన్ తెర మీద ఏడో లైటు ఊదాగా కనబడింది. బుడిపె దాకా తిప్పాను, పోయింది. మిగిలిన మూడూ చూసి పెట్టె మూశాను.