బయట పెట్టించిన క్రూయిజ్ కంట్రోల్: అసలు చూడవలసింది బ్రేకు వైరు

యాక్సిలరేటరు తొక్కి ఉంచకపోయినా మనం పెట్టిన వేగాన్ని నిలిపే పరికరం క్రూయిజ్ కంట్రోల్. నా మాన్యువల్ గేరు కారుకు దాన్ని బయటి దుకాణంలో పెట్టించి చాలా కాలమైంది. మహబూబ్‌నగర్ నుంచి కర్నూలుకు తరచూ వెళ్లవలసిన ఉద్యోగం నాది. భూత్పూర్ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి గంటకు 90 కిలోమీటర్ల దగ్గర వేగాన్ని నిలిపితే, దారి ఖాళీగా ఉన్న రోజున కొత్తకోట, పెబ్బేరు దాటి బీచుపల్లి కృష్ణా వంతెన వచ్చేదాకా కుడికాలికి పని చాలా తక్కువ. మోకాలి నొప్పి ఉన్న నాకు ఇది చిన్న సంగతి కాదు కనుక, మొదట్లో అడిగినవారందరికీ పెట్టించుకోమనే చెప్పాను. ఇప్పుడు మాత్రం బ్రేకు వైరు గురించి, అంటే బ్రేకు తొక్కిన సంగతిని బ్రేకు లైటు సర్క్యూట్ నుంచి ఈ పరికరానికి చేరవేసే వైరు గురించి, చెప్పకుండా ఆ సలహా ఇవ్వడం లేదు.

వెనక లైట్ల వెలుగు చాలడం లేదని ఒక దుకాణంలో మామూలు బ్రేకు బల్బులు తీయించి ఎల్‌ఈడీ బల్బులు వేయించాను. ఆ తర్వాత రహదారి ఎక్కి వేగాన్ని నిలిపే సెట్ మీట నొక్కితే పరికరం దీపం వెలిగింది కానీ వేగం నిలవలేదు. బల్బులకూ దీనికీ సంబంధం ఉంటుందని ఎవరికి తోస్తుంది? బిగించిన దుకాణంలో చూపిస్తే పరికరం మాడ్యూలు (దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) కాలిపోయిందన్నారు. కొత్తదానికి ఖర్చు ఎందుకనుకుంటే, బ్రేకు వైరును సర్క్యూట్ నుంచి విడదీసి నేరుగా ఎర్త్‌కు, అంటే బ్యాటరీ నెగటివ్‌కు కలిసి ఉండే కారు బాడీకి, కలిపేస్తే పనిచేస్తుందని కూడా అన్నారు. ఆ రెండో మాట నచ్చక, కారును జడ్చర్లలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ వద్దకు తీసుకువెళ్లాను.

ఆయన టెస్ట్ ల్యాంపు పెట్టి అసలు విషయం చూపించారు. బ్రేకు తొక్కనప్పుడు ఆ వైరుకు మామూలు బల్బు ఫిలమెంటు గుండా ఎర్త్ అందుతుంది. తొక్కగానే అదే వైరులోకి 12 వోల్టులు వస్తాయి. నా పరికరం ఈ రెండింటినీ చూసుకుంటుంది. ఎల్‌ఈడీ గుండా ఎర్త్ సరిగా అందనందువల్ల, వైరు తెగినట్టు లెక్కవేసి అది వేగం పట్టలేదు. అంటే, చెడిపోయిందన్న పరికరం నిజానికి తన కాపలా పని చేస్తోంది. ఆ వైరు ఊడిపోతే బ్రేకు తొక్కిన సంగతి దానికి తెలిసే దారి లేదు. అప్పుడు పట్టకపోవడమే క్షేమం. దుకాణంవారు చెప్పినట్టు ఎర్త్ చేసి ఉంటే, గొర్రెల మంద అడ్డొచ్చి నేను బ్రేకు తొక్కినా అది తొక్కనట్టే భావించి వేగం నిలపడానికి చూసేది. డబ్బు తీసుకుని బిగించేవారు ఇటువంటి సలహా ఇవ్వడాన్ని నేను క్షమించలేను. పాత బల్బులు తిరిగి వేయగానే అంతా సరైంది. ఎల్‌ఈడీయే కావాలంటే ఆ వైరుకు ఎర్త్ సరిగా అందేలా తగిన రెసిస్టరు గానీ రిలే గానీ పెట్టాలని ఆయన చెప్పారు.

కంపెనీ అమరికకు ఇది ఏమాత్రం తీసిపోదని ఒకప్పుడు అనేవాణ్ణి. కానీ తేడాలున్నాయి. ఎత్తు ఎక్కేటప్పుడు వేగం కొంత పడిపోయి ఆలస్యంగా అందుకుంటుంది. దిగేటప్పుడు తనంతట తాను బ్రేకు వేయదు కనుక 90 దాటిపోతుంది. ముందు పెట్టిన వేగానికి తిరిగి చేర్చే రిజ్యూమ్ మీట నొక్కితే కారు కాస్త గట్టిగానే దూకుతుంది. తడి రోడ్డు మీద నేను దాన్ని వాడను. షాద్‌నగర్ దాటి హైదరాబాద్ వైపు వెళ్తే ఆ రద్దీలో దాని అవసరమే రాదు.

కారు వారంటీ ముగిసి, నాలా ఖాళీ రహదారి మీద దూరం వెళ్లేవారికైతే ఇది పెట్టిన డబ్బుకు తగినదే. ఊళ్లోనే తిరిగేవారికి అవసరం లేదు. వారంటీ ఉన్నవారు వైర్లు కోయించేముందు షోరూములో అడగడం మంచిది. బిగింపు పూర్తయ్యాక, డబ్బు చెల్లించకముందే, ఖాళీ రోడ్డు మీద 60 దగ్గర సెట్ చేసి బ్రేకును మెల్లగా తాకి చూడండి. బ్రేకు లైటు వెలిగిన క్షణంలోనే అది పట్టు వదలాలి; క్లచ్ తొక్కినప్పుడు కూడా వదలాలి.