హా జాంగ్‌లో పాస్‌పోర్ట్ కోసం రెండున్నర గంటలు

ముందే చెప్పేస్తున్నా, వియత్నాం వెళ్తే, హనోయ్‌లో దిగిన హోటల్ కౌంటర్ దగ్గర ఉత్తరాన కొండల్లో ఉన్న హా జాంగ్‌కి బైక్ టూర్ బుక్ చేసుకోకండి. నేను చేసుకున్నాను. మూడు రోజుల టూర్, నడిపేది వాళ్ళ డ్రైవర్, నేను వెనక కూర్చుంటే చాలు, మొత్తం 43 లక్షల డాంగ్‌లు అన్నారు. లక్షలు అనగానే కంగారు పడకండి, రూపాయికి సుమారు 300 డాంగ్‌లు. అంటే 14,300 రూపాయలు. అందులో 20 లక్షల డాంగ్‌లు అడ్వాన్స్ కట్టించుకుని, చేతిరాత రసీదు ఒకటి చేతిలో పెట్టారు. ఆ రసీదు అడగాలనే తెలివి ఎలా వచ్చిందో గానీ, తర్వాత నన్ను కాపాడింది అదే.

నాకు 44 ఏళ్ళు. నవంబర్‌లో చేసిన ఈ ప్రయాణానికి ముందు ఒంటరిగా రాత్రి బస్సు కూడా ఎక్కినదాన్ని కాదు. టికెట్లు, గదులు, బేరాలు, పాస్‌పోర్ట్‌ల సంచీ అన్నీ మావారే చూసుకునేవారు. "ఒక్కదానివే, అదీ కొండల్లో బైక్ మీదా?" అని రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. మా అమ్మాయి మాత్రం నా ఫోన్‌లో లొకేషన్ షేరింగ్ పెట్టి, "నువ్వెళ్ళమ్మా, నేను చూస్తుంటా" అంది.

ఈ-వీసా 25 డాలర్లు. అచ్చం ప్రభుత్వ సైట్‌లాగే కనిపించే ఏజెంట్ల సైట్లు చాలా ఉన్నాయి, మూడింతలు గుంజుతాయి. నేను అసలు సైట్‌లోనే కూర్చుని నింపాను. ఇంటిపేరు, పేరు పాస్‌పోర్ట్‌లో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలని నాలుగుసార్లు చూసుకున్నాను. ఎవరి సాయం లేకుండా నేను నింపిన మొదటి ఫారం అదే, నవ్వకండి.

హనోయ్‌లో రెండు రోజులు హాయిగా గడిచాయి. గుడ్డు కాఫీ తాగాను, సరస్సు చుట్టూ తిరిగాను, ఆగని బైకుల మధ్య నుంచి రోడ్డు దాటడం నేర్చుకున్నాను. డబ్బుల విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. 20 వేల నోటూ నీలమే, 5 లక్షల నోటూ నీలమే, రెండింటి మీదా హో చి మిన్ బొమ్మే. టాక్సీలో చీకట్లో ఒకదానికి ఒకటి ఇచ్చేస్తే 1,600 రూపాయలు గోవిందా. నేను 5 లక్షల నోట్లన్నీ వేరే అరలో పెట్టుకున్నాను.

మూడో రోజు పొద్దున వ్యాన్‌లో హా జాంగ్ వెళ్ళాను. 300 కిలోమీటర్లు, ఆరు గంటలు పైనే పట్టింది, 3,50,000 డాంగ్‌లు. 2025 జూలైలో ఈ ప్రావిన్స్‌ని తుయెన్ క్వాంగ్ అనే ప్రావిన్స్‌లో కలిపేశారు కానీ, బస్సుల మీదా జనం నోళ్ళలోనూ పాత పేరే ఉంది.

వ్యాన్ నన్ను దింపిన చోట ఒక గెస్ట్‌హౌస్, దాని కిందే బైకులు అద్దెకిచ్చే షాపు. రిజిస్ట్రేషన్ కోసమని కౌంటర్‌లో ఉన్నవాడు పాస్‌పోర్ట్ తీసుకున్నాడు. విదేశీయుల వివరాలు పోలీసులకు పంపడం అక్కడ రూలే కాబట్టి ఇచ్చేశాను. తప్పు నాదే. ఫోటో తీసుకోనిచ్చి అక్కడికక్కడే వెనక్కి తీసుకోవాలి. సొరుగులో వేసి తాళం వేశాక చల్లగా చెప్పాడు, డ్రైవర్‌కి జ్వరమట, బైక్ ఇస్తాం, మీరే నడుపుకోండి అని. మిగిలిన 23 లక్షలు మాత్రం ఇప్పుడే కట్టాలట!

నాకు స్కూటర్ వచ్చు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా బ్యాగులో ఉంది. కానీ మన దేశం ఇచ్చే పర్మిట్ 1949 నాటి అంతర్జాతీయ రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం కింద ఇచ్చేది, వియత్నాం ఒప్పుకునేది 1968 ఒప్పందం కింద ఇచ్చేది. కాబట్టి అక్కడ అది చెల్లదు. పోలీసులు ఆపి ఫైన్ వేయడం ఒక ఎత్తు, చెల్లే లైసెన్స్ లేకుండా నడిపి పడితే ఇన్సూరెన్స్ వాళ్ళు పైసా ఇవ్వరు, అది ఇంకో ఎత్తు. ఇదంతా వెళ్ళేముందే చదివి ఉన్నాను. వాడేమో "ఇండియన్ లైసెన్స్ ఓకే, నో ప్రాబ్లమ్" అని పాట పాడుతున్నాడు.

నడపనన్నాను. డబ్బు తిరిగి ఇమ్మన్నాను. కుదరదన్నాడు. పాస్‌పోర్ట్ ఇమ్మంటే, డబ్బు కట్టాక అన్నాడు.

కాళ్ళు వణికాయి. మావారికి ఫోన్ చేస్తే, "పరాయి దేశంలో గొడవెందుకు, అడిగినంత ఇచ్చేసి హనోయ్ వచ్చేయ్" అన్నారు. ఆయన భయం ఆయనది. ఇంకాసేపు వింటే నేనూ సరేననేదాన్నేమో, "సిగ్నల్ లేదు" అని అబద్ధమాడి పెట్టేశాను.

కౌంటర్ ముందున్న ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్ తెరిచి మూడే వాక్యాలు రాశాను: నా పాస్‌పోర్ట్ ఇవ్వండి. రసీదులో డ్రైవర్ అని రాసి ఉంది. ఇవ్వకపోతే పోలీసులకీ, హనోయ్‌లోని మా ఎంబసీకీ ఫోన్ చేస్తాను. లోపలికి వచ్చిన ప్రతి టూరిస్టుకీ రసీదు చూపించి విషయం చెప్పాను. ఒక జంట అది విని బైక్ తీసుకోకుండానే వెళ్ళిపోయింది. అప్పుడు వాడి ముఖం మారింది. రెండున్నర గంటలు గడిచాక ఫోన్‌లో 113 నొక్కి, పచ్చ బటన్ మీద వేలు పెట్టి, స్క్రీన్ వాడివైపు తిప్పాను. అక్కడ పోలీసుల నంబరు అదే.

సొరుగు తెరుచుకుంది. పాస్‌పోర్ట్‌తో పాటు 12 లక్షలు ఇచ్చాడు. మిగిలిన 8 లక్షల కోసం పోట్లాడే ఓపిక నాకు లేదు. బయటికొచ్చి ఒక చెట్టు కింద నిలబడి ఏడ్చాను, తర్వాత ఆకలేసింది.

పక్క వీధిలో ఒకావిడ నడిపే చిన్న గెస్ట్‌హౌస్ దొరికింది. రాత్రికి 3 లక్షలు, దుప్పటి శుభ్రంగా ఉంది, గీజర్ పనిచేసింది. ఆవిడ పాస్‌పోర్ట్‌కి ఫోటో తీసుకుని వెంటనే నా చేతిలో పెట్టింది, దానికే ఆవిడంటే ఇష్టం కలిగింది. శాకాహారం కావాలంటే అక్కడ "ఆన్ చాయ్" అనాలి. చాయ్ అంటే టీ కాదు, శాకాహారం! ఫిష్ సాస్ వద్దని విడిగా కూడా చెప్పుకోవాలి. టమాటా గుజ్జులో ఉడికిన టోఫు, వెల్లుల్లి వేసి వేయించిన తూటికూర, పొగలు కక్కే అన్నం పెట్టింది. 70 వేల డాంగ్‌లు. ఆ రోజు అంత రుచిగా అనిపించడానికి సగం కారణం ఆకలే అయినా, ఆ తూటికూర కోసం మళ్ళీ వెళ్ళమన్నా వెళ్తాను.

డ్రైవర్‌ని కూడా ఆవిడే మాట్లాడి పెట్టింది. మూడు పగళ్ళు, రెండు రాత్రులు, బసా భోజనం కలిపి 45 లక్షలు. సగం ముందు, సగం తిరిగొచ్చాక. అక్కడి కొండజాతి హ్మోంగ్ కుర్రాడు, పాతికేళ్ళుంటాయి, ఇంగ్లీషు మహా అయితే ఇరవై మాటలు. వాటిలో ఎక్కువగా వాడింది "స్లోలీ". ఎదురుగా లారీ వచ్చినా, పొగమంచు దిగినా, మట్టి జారి రోడ్డు బురదైనా ముందు ఆ మాట, తర్వాత బ్రేకు. మొదటి రోజు వాడి జాకెట్‌ని ఎంత గట్టిగా పట్టుకున్నానంటే సాయంత్రానికి వేళ్ళు విప్పుకోలేకపోయాను.

"మా పి లెంగ్" అనే కనుమ దగ్గర బైక్ ఆపాడు. ఎక్కడో అడుగున న్యో క్వే నది పచ్చటి దారంలా కనిపిస్తోంది. ఈ రోడ్డును 1959 నుంచి 1965 వరకు చేతి పనిముట్లతోనే తవ్వారట. ఈ కనుమ భాగంలో మనుషులు నెలల తరబడి తాళ్ళకి వేలాడుతూ రాయి కొట్టారు. ఆ రోడ్డు పేరు ఆనంద మార్గం. కింద లోయను చూశాక ఆ పేరు ఎవరు పెట్టారో గానీ గుండె ధైర్యం ఉన్నవాళ్ళే అనుకున్నాను. అక్కడ తీసిన ఫోటో పంపితే, అలిగి కూర్చున్న మావారి నుంచి, "ఇంకొంచెం అంచుకి దూరంగా నిలబడి తీసింది పంపు" అని జవాబొచ్చింది.

హోమ్‌స్టేల్లో రాత్రి భోజనం అందరూ కలిసి చేస్తారు, మొక్కజొన్న సారా తెచ్చి చిన్న గిన్నెల్లో పోస్తూనే ఉంటారు. వద్దంటే బలవంతం ఎవరూ చేయలేదు, నేను నా గిన్నెలో మంచినీళ్ళు పోసుకుని వాళ్ళతో పాటు చీర్స్ అని అరిచాను. పొద్దున్నే సొంతంగా బైక్ నడిపేవాళ్ళు అదే తలనొప్పితో ఆ మలుపుల్లోకి వెళ్ళడం చూస్తే మాత్రం భయమేసింది. డోంగ్ వాన్ అనే ఊళ్ళో బక్‌వీట్ అనే గింజల పిండితో చేసిన రొట్టె 15 వేలకి తిన్నాను, పెద్ద రుచేం లేదు. బక్‌వీట్ పూలు బాగున్నాయి, ఆ గులాబీ రంగు కోసం అక్టోబరు, నవంబరుల్లోనే వెళ్ళండి. హెల్మెట్ మాత్రం వాళ్ళిచ్చింది చూసుకోకుండా పెట్టుకోకండి, నాకిచ్చినదానికి కింద పట్టీయే లేదు. మార్చమని అడిగితే మార్చారు. అడగకపోతే అంతే.

ఏడు రాత్రులకి విమానంతో సహా నాకైన ఖర్చు 67,800 రూపాయలు. మావారు లెక్కంతా చూసి, ఆ గెస్ట్‌హౌస్ వాడి దగ్గర పోయిన 8 లక్షల డాంగ్‌లు రూపాయల్లో ఎంతని అడిగారు. 2,700 అన్నాను. ఇంకో అరగంట కూర్చుని ఉంటే అవి కూడా వచ్చేవి కదా అంటున్నారు ఇప్పుడు.